పన్నెండు మిల్లీమీటర్లు

బుధవారం, రాత్రి 11 దాటింది.

ఎడమ ముంజేతి మీద బాల్‌పెన్నుతో గీసిన గుండ్రటి గీత ఇంకా పోలేదు. నర్స్ ఎయిడ్ (నర్సులకి సహాయకురాలు) కోర్సు ఫారం కోసం సోమవారం టీబీ స్కిన్ టెస్టు చేసినప్పుడు క్లినిక్‌లో నర్సు గీసింది. చర్మం పొరలోకి చుక్కంత మందు ఎక్కించి, "గోకకు, ప్లాస్టర్ అంటించకు, 48 గంటలు దాటాక, 72 లోపల వచ్చి చూపించు" అంది. ఈ రెండు రోజులూ అంట్లు తోముతున్నా, చపాతీ పిండి కలుపుతున్నా కళ్లు అక్కడే. నిన్న రాత్రికే అర్థమైంది, అది దోమ కుట్టిన దద్దురులా అణిగేది కాదని.

పొద్దున వెళ్లాను. అక్కడి నర్సు అరవై దాటిన నల్లజాతి ఆవిడ, మాటకి ముందో "హనీ", వెనకో "హనీ". ఎర్రదనం లెక్కలోకి రాదట. కళ్లు చికిలించి, వేలితో తడిమి, గట్టిపడ్డ మేరకే అటూ ఇటూ చుక్కలు పెట్టి చిన్న స్కేలుతో కొలిచింది. 12 మిల్లీమీటర్లు. టీబీయేమోనని నా నోరెండిపోయింది. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా నా కుర్తా చెయ్యి భుజం దాకా లాగి చూసింది. అక్కడ నా బీసీజీ టీకా మచ్చ, అర్ధరూపాయి బిళ్లంత.

"ఇండియానా?" అంది.

అమెరికాలో పిల్లలందరికీ ఈ టీకా వేసే అలవాటు లేదు. మనకేమో పుట్టగానే పొడిచేస్తారు. బీసీజీ పడ్డ ఒంటిలో టీబీ లేకపోయినా స్కిన్ టెస్టు పొంగొచ్చు. రక్తపరీక్షకి ఆ తికమక లేదు, క్వాంటిఫెరాన్ అంటారు. నాలుగు చిన్న గొట్టాల్లోకి రక్తం తీసి, ఒక్కోదాన్నీ పట్టుకుని పదేసి సార్లు ఊపింది. ఇదంతా నేను చదివే ఉన్నాను. అయినా చవగ్గా పోతుందని స్కిన్ టెస్టుకే పోయాను. పిసినారికి ఖర్చెక్కువ అని అత్తయ్య ఊరికే అనదు.

రక్తం తీస్తూ ఏం చదువుతున్నావని అడిగింది. వచ్చే నెల నర్స్ ఎయిడ్ కోర్సు, శనివారం నర్సింగ్ ప్రవేశానికి టీస్ పరీక్ష, ఆ తర్వాత నర్సింగ్‌కి అప్లికేషను అని చెప్పాను. తనూ నాలాగే కమ్యూనిటీ కాలేజీలోనే, అంటే రెండేళ్ల కోర్సులుండే ప్రభుత్వ కాలేజీలో చదివిందట, ముప్ఫై ఎనిమిదేళ్ల వయసులో, ముగ్గురు పిల్లలతో. నా వయసు 42 అని నేను చెప్పలేదు. ఫారం మీద ఉంది, చూసే ఉంటుంది.

ఇక్కడ నార్త్ కరోలినాలో రెండేళ్ల నర్సింగ్‌కి చాలా కాలేజీలు ముందు నర్స్ ఎయిడ్ రిజిస్ట్రీలో పేరుండాలంటాయి. అంటే మంచం మీద ఉన్న మనిషికి స్నానం చేయించడం, బీపీ చూడడం, పక్కకి తిప్పడం నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి. ఆ పైన అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, సైకాలజీ, ఇంగ్లీషు, టీస్ మార్కులు, అన్నిటికీ పాయింట్లు. అర్హత ఉన్నవాళ్లందరికీ సీటు రాదు. పాయింట్ల వరసలో పైనుంచి తీసుకుంటూ వస్తారు. రెండేళ్లయ్యాక ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష పాసైతే, నాలుగేళ్ల బీఎస్సీ నర్సుకిచ్చే ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సే మనకీ ఇస్తారు. నర్సుని రెండేళ్లలో తయారుచేయొచ్చన్న ఆలోచన మిల్డ్రెడ్ మాంటాగ్ అనే ఆవిడదట, 1950ల నాటిది. ఆవిడ పుణ్యమా అని నాలాంటి వాళ్లకి దారి దొరికింది. రాష్ట్రంలో ఉండేవాళ్లకి క్రెడిట్‌కి 76 డాలర్లు. అనాటమీ మొదటి భాగం నాలుగు క్రెడిట్లు, 304 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. మా అమ్మాయి కూచిపూడి అరంగేట్రానికి అనుకుంటున్న బడ్జెట్ పక్కన పెడితే ఇది ఖర్చే కాదు.

అయినా ఇక్కడి మనవాళ్లకి మింగుడుపడదు. "ఆరు వారాల్లో క్యూఏ, అదే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, నేర్చుకుంటే ఇంట్లో కూర్చుని జీతం తీసుకోవచ్చు కదా" అని తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్కుల్లో కనీసం నలుగురు చెప్పారు. ఒకావిడ గొంతు తగ్గించి "బెడ్‌పాన్లవీ ఎత్తాలేమో" అంది, పులిహోర వడ్డించుకుంటూ. ఎత్తాలి. అందులో దాపరికమేముంది.

మామయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు ఆర్నెల్లు తెనాలిలో ఉండిపోయాను, 2016లో. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక సిస్టరు నన్ను పక్కకి పిలిచి, "మందులు ఎవరైనా వేస్తారు, మీరు మాత్రం రెండు గంటలకోసారి ఆయన్ని ఒత్తిగిలేట్టు తిప్పండి, లేకపోతే వీపు పుళ్లు పడుతుంది" అని చేసి చూపించింది. మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒకటి తుంటి మీద. ఫోనులో అలారం పెట్టుకుని రాత్రిళ్లు కూడా తిప్పాను. నీళ్ల పరుపు అద్దెకి తెచ్చాం. ఆర్నెల్లలో ఒక్క పుండు పడలేదు. మొన్న నర్స్ ఎయిడ్ పుస్తకం తిరగేస్తుంటే అదే బొమ్మ, అదే మోకాలు, అవే రెండు గంటలు. పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నాను.

క్లినిక్ నుంచి వస్తూ పార్కింగ్‌లోంచి అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి అవుతోంది. 12 మిల్లీమీటర్లంటే కంగారుపడుతుందని చెప్పలేదు. నర్సింగ్ సంగతి తనకి చెప్పిన మొదటిరోజు భయపడ్డాను గాని, అమ్మ పెద్దగా నవ్వింది. తను పుట్టింది గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో. 1883లో పెన్సిల్వేనియా నుంచి గుంటూరొచ్చి అక్కడే జీవితం వెళ్లదీసిన డాక్టరు అన్నా కుగ్లర్ పేరది. "ఆ దొరసాని అక్కణ్ణించి మా పురుళ్లు పొయ్యడానికొచ్చింది, నువ్వు ఇక్కణ్ణించి వాళ్లకి చెయ్యడానికెళ్లావు. చెల్లుకి చెల్లు" అంది. ఇవాళ మాత్రం "తిన్నావా, నీ గొంతేంటి అలా ఉంది" అంటూ రెండుసార్లు అడిగింది. అమ్మల దగ్గర స్కేలు అక్కర్లేదు.

మధ్యాహ్నమంతా టీస్ చదివాను. 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. లెక్కలు ఫర్వాలేదు, బీకాం ఊరికే పోలేదు. ఔన్సులూ పౌండ్లూ గాలన్లూ మాత్రం చిరాకు తెప్పిస్తాయి. ఇంగ్లీషు 37 ప్రశ్నలకి 37 నిమిషాలు. సెమీకోలన్ ఎక్కడ పెట్టాలో తెలిస్తే రోగికి ఏం ఒరుగుతుందో నాకింకా అంతుపట్టలేదు. సైన్సు దగ్గరే నా కథ వేరు.

నాది జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. గుండె బొమ్మ చూడగానే తలలో ముందు మోగేది ట్రైకస్పిడ్ కాదు, అగ్రత్రయ కవాటం. ఎడమ పక్కది అగ్రద్వయ కవాటం. కుడి కర్ణిక, కుడి జఠరిక, పుపుస ధమని. సైన్సు మాస్టారు బోర్డు మీద ఎర్ర సుద్దతో ధమనులూ నీలం సుద్దతో సిరలూ గీస్తూ, పుపుస ధమని దగ్గర ఆగి, సుద్ద మార్చి, "ఇదొక్కటీ తిరకాసు, పేరు ధమని, మోసేది చెడు రక్తం" అనేవారు. ఇరవై ఏడేళ్లయింది. అనాటమీ క్లాసులో ప్రొఫెసరు పల్మనరీ ఆర్టరీ గురించి సరిగ్గా అక్కడే ఆగి ఆ ముక్కే అన్నప్పుడు నాకు సుద్ద వాసన వచ్చింది. చుట్టూ ఉన్న పంతొమ్మిదేళ్ల పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు.

మొదట్లో ఈ తెలుగు మాటలు అడ్డమనుకున్నాను. ప్రతిదీ మనసులో తర్జుమా చేసుకోవాలని దిగులు. తర్వాత తెలిసింది, క్లోమం ఏం చేస్తుందో నాకు ముందే తెలుసు, దాన్ని ఇక్కడ ప్యాంక్రియాస్ అంటారని మాత్రమే కొత్తగా నేర్చుకోవాలి. మణికట్టు ఎముకలు ఎనిమిదీ మాత్రం తెలుగులో ఎవరూ నేర్పలేదు. దోసెలు పోస్తూ ఎక్కాలు వల్లించినట్టు వల్లించాను: స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రం, పిసిఫాం, ట్రపీజియం, ట్రపిజాయిడ్, క్యాపిటేట్, హామేట్. హామేట్ దగ్గర దోసె తిరగెయ్యాలి. వరస తప్పితే దోసె మాడేది.

పదో తరగతి తర్వాత బైపీసీ తీసుకుంటానన్నాను. బైపీసీ అయితే టౌన్లో చేరాలి, ప్రాక్టికల్స్‌కి చీకటి పడేదాకా ఉండాలి, ఫీజు వేరే. నాన్న సీఈసీ అన్నారు. పెద్ద గొడవేం జరగలేదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఆడపిల్లల చదువు గురించి గొడవ పడేంత సీను లేదు.

ఆ బీకాం కాగితాలు తెప్పించడానికి పట్టిన టైములో ఇంకో డిగ్రీ చేసేదాన్నేమో. డిగ్రీ ఉంటే పాయింట్లు కలుస్తాయన్నారు, సీల్డ్ కవరులో ట్రాన్‌స్క్రిప్టులు కావాలన్నారు. తమ్ముడు మూడుసార్లు సెలవు పెట్టి తిరిగాడు. మొదటిసారి సంతకం పెట్టే మేడం రాలేదు, రెండోసారి వచ్చి వెళ్లిపోయింది. తీరా వచ్చాక ఇంకో చిక్కు: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తి ఇంటిపేరు, పాస్‌పోర్టులో మా ఆయన ఇంటిపేరు. ఈ ముగ్గురూ నేనేనని నోటరీ ముందు ప్రమాణం చేశాను.

సాయంత్రం మా ఆయన చేతికి బీపీ పట్టా చుట్టాను. స్టెతస్కోపులో మొదటి చప్పుడు దొరికింది, ఆఖరిది ఎక్కడ ఆగిందో మూడుసార్లు చూసినా ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. "నువ్వు గాలి కొట్టే కొద్దీ నాకు పెరుగుతోంది" అన్నాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు పాపం, మీటింగులో మ్యూట్ పెట్టి మరీ కూర్చున్నాడు.

పడుకోబోయే ముందు కాలేజీ అప్లికేషను ఇంకోసారి తెరిచాను. ఆరోగ్య రంగంలో అనుభవం అని ఒక గడి. జీతం తీసుకుని చేసిన గంటలు, సంస్థ పేరు, సూపర్‌వైజరు ఫోన్ నంబరు. ఆర్నెల్లు, రోజుకి పన్నెండుసార్లు తిప్పడం, కాలిక్యులేటరు మీద వేసి చూశాను. 2,160. ఊరికే. గడిలో సున్నా కొట్టి సేవ్ చేశాను.

క్వాంటిఫెరాన్ ఫలితం రేపు గాని ఎల్లుండి గాని రావచ్చట. నర్స్ ఎయిడ్ క్లాసు ఫారం శుక్రవారం సాయంత్రం ఐదు లోపు ఇవ్వాలి. మినప్పప్పు నానింది గాని, ఈ వేళప్పుడు గ్రైండర్ వేస్తే కింది ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు. పొద్దున్నే వేస్తాను, హామేట్ దాకా ఒకసారి చదివి.