తెలుగు ఆప్షనల్: ముంచిందీ శకుంతలే, తేల్చిందీ శకుంతలే

సివిల్స్ జాబితాలో నా రోల్ నంబరు చూసుకుని నాలుగు రోజులైంది. ఫోను ఇంకా మోగుతూనే ఉంది. ఈసారి మార్కుల షీటు రాలేదు కాబట్టి ఆప్షనల్‌లో, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టులో (నాది తెలుగు సాహిత్యం), ఎంతొచ్చిందో నాకూ తెలీదు. కిందటి అటెంప్టులో ఎంతొచ్చిందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 500కి 207. ఇంటర్వ్యూ పిలుపు పోయింది ఆ దెబ్బకే.

ఆ 207 గురించే రాస్తాను. సిలబస్‌లో ఉన్న నన్నయ భారతంలోని దుష్యంత చరిత్రలో శకుంతల పాత్ర నాకు కొట్టినపిండి అనుకున్నాను. అరువు తెచ్చుకున్న నోట్సులో ‘ఆదర్శ నాయిక’ అని పెట్టి సౌందర్యం, వినయం, ఓర్పు, పాతివ్రత్యం అని నాలుగు హెడింగులు ఉండేవి. సీతైనా, సావిత్రైనా, దమయంతైనా అవే హెడింగులు, పేరు మార్చుకోవడమే! అది చాలదన్నట్టు ఉంగరం పోవడం, దుర్వాసుడి శాపం కూడా రాసి పారేశాను. విజయవాడలో పరీక్ష రాసి తిరుపతి రైలెక్కాక వెలిగింది. ఆ రెండూ కాళిదాసు నాటకంలోవి. నన్నయ భారతంలో లేవు. భారతంలో రాజుకు అంతా గుర్తుంది. కొడుకును తీసుకుని సభకొచ్చిన శకుంతలతో, లోకం ఏమంటుందోనని ఎరగనట్టు మాట్లాడాడు, అంతే. శాపం తీసేస్తే తప్పంతా దుష్యంతుడిదే. అప్పుడు శకుంతల వేరే మనిషిలా కనిపిస్తుంది.

ఇది నాకు పుస్తకంలో తెలియలేదు. బైరాగిపట్టెడలో నేనుండే గది మెట్ల దగ్గర ఒక పొద్దున మా ఓనరమ్మ పాలవాణ్ణి నిలేసింది. గిన్నె వంచి, పల్చటి పాలు అటూ ఇటూ తిప్పి చూపిస్తూ, “నువ్వు హరిశ్చంద్రుడి తమ్ముడివి కదా నాయనా, నీళ్లెందుకు కలుపుతావులే” అంది. గొంతు పెంచలేదు. వాడు తలొంచుకుని ఇంకో గరిటెడు పోశాడు.

ఆ రోజే, సభలో శకుంతల రాజుకు చెప్పే పద్యం మళ్లీ తీశాను. నూరు చేదబావుల కంటే ఒక దిగుడుబావి, నూరు దిగుడుబావుల కంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటే ఒక నిజమైన మాట మేలు అంటుంది. అందరం ఆ లెక్కనే బట్టీ పడతాం. మధ్యలో ఆమె రాజును పిలిచిన పిలుపు చూడండి: ‘సూనృతవ్రత’. నిజం పలకడమే వ్రతంగా గలవాడా అని! నిండు సభలో అబద్ధమాడుతున్నవాణ్ణి పట్టుకుని! అచ్చం మా ఓనరమ్మ హరిశ్చంద్రుడే.

అక్కణ్ణించి అన్నీ కదిలాయి. గాంధర్వ వివాహానికి ఒప్పుకునే ముందే, తన కొడుక్కే రాజ్యం అని మాట తీసుకున్న పిల్ల ఆమె. చివర్లో ఆకాశవాణి కూడా ఆమె నిజమే చెప్పిందని సాక్ష్యం పలికి, మహాపతివ్రత అంటుంది. రాజును సభలో అంతలేసి మాటలన్నాకే ఆ బిరుదు దక్కింది. ఓర్పు అనే హెడింగు కింద ఇదంతా ఎలా ఇరుకుతుంది? ఈసారి హెడింగులే పెట్టలేదు.

జీఎస్ (జనరల్ స్టడీస్), ఎస్సే, ఎథిక్స్ అందరూ చదివినవే చదివాను. రోజూ రెండు జవాబులు, గడియారం పెట్టుకుని.

ఇంకో మాట. ‘తెలుగు సులువని తీసుకున్నాడు’ అని మా బంధువులు ఇప్పటికీ అంటున్నారు. సులువైతే 207 ఎందుకొచ్చింది బాబాయ్? ఆరేళ్లు పెళ్లిళ్లకు పోలేదు, పొద్దున యూనివర్సిటీ లైబ్రరీ తలుపు తీసేసరికి మెట్ల మీద ఉన్నాను. మీరూ ఆ ఫోను పక్కన పడేయండి, పడుకునే వేళ, లేచే వేళ ఒకటి పెట్టుకోండి, ఒంటి మీద అదుపు లేనివాడికి... సరే, ప్రవచనంలోకి దిగుతున్నాను. తిరుపతి గాలి.

నోట్సు పీడీఎఫ్ అడుగుతున్నారు. లేదు. అంతా చేతిరాతే, శకుంతల పేజీ మీద టీ ఒలికింది కూడా. అయినా సిలబస్‌లో ఉన్నది ఆదిపర్వం నాలుగో ఆశ్వాసంలో 5 నుంచి 109 వరకు పద్యాలే. ఒక ఆదివారం పని.