సీసాలో పసుపు గుడ్డ

బెర్లిన్‌లో స్టాసీ (ఒకప్పటి తూర్పు జర్మనీ రహస్య పోలీసుశాఖ) మ్యూజియం చూసి వారం దాటింది. ఆ గాజు సీసా ఇంకా కళ్లముందే ఉంది. బిగించిన మూత, లోపల పసుపు గుడ్డ. విచారణకు పిలిచిన మనిషి కూర్చున్న కుర్చీ నుంచి అతని ఒంటి వాసనను ఆ గుడ్డకు పట్టించి దాచేవారట, తర్వాత కుక్కలు పసిగట్టడానికి!

1989 నాటికి స్టాసీలో ఉద్యోగులు సుమారు 91,000 మంది. వేగులుగా పనిచేసిన మామూలు పౌరులు దాదాపు అంతకు రెట్టింపు. నన్ను వణికించింది ఈ రెండో లెక్కే. వేగు పక్కింటివాడు కావచ్చు, తోటి ఉద్యోగి కావచ్చు. 1992లో స్టాసీ దస్త్రాలను జనం చూసేందుకు తెరిచాక, తమపై చాడీలు మోసింది కట్టుకున్న భర్తేనని తెలుసుకున్నవారూ ఉన్నారు. ఎవరిని నమ్మాలో తెలియకపోతే ఇద్దరు కూర్చుని గోడు చెప్పుకోవడం కూడా ఆగిపోతుంది. ఇక ఎదిరించేది ఎవరు?

ఆ రోజు మ్యూజియం నుంచి బయటకు రాగానే అమ్మకు ఫోను చేశాను. ఏదీ దాచుకోకుండా చాలాసేపు మాట్లాడాను.