తల తిరిగింది పడకముందా, పడ్డాకనా

యూరప్ ప్రయాణంలో చూడడానికి వెళ్లిన ఆ పాత కోటకు మొత్తం ఎన్ని మెట్లున్నాయో నేను లెక్కపెట్టలేదు గానీ, కింది నుంచి నాలుగో మెట్టు మాత్రం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తరతరాలుగా జనం నడిచి నడిచి ఆ రాయి నడుమ భాగం పళ్లెంలా అరిగిపోయింది. ఆ పల్లంలో తెల్లవారుజామున కురిసిన వాననీరు నిలిచి ఉంది, అంచు వెంబడి సన్నగా పాచి పట్టి ఉంది. దిగుతున్న నా కుడికాలు సరిగ్గా ఆ పాచి మీద పడి జారింది, పాదం పక్కకు మెలితిరిగింది, ఒంటి బరువంతా దాని మీదే పడింది. ఎండుకట్టె విరిచినట్టు ఒక చప్పుడు వినిపించింది. కూలబడి చూసుకుంటే పాదం ఉండవలసిన దిక్కున కాక బయటివైపుకు తిరిగి ఉంది. అది చూశాకే నాకు తల తిరిగింది, కళ్లు చీకట్లు కమ్మాయి. జారడం ముందు, తల తిరగడం తర్వాత. ఈ వరుసను ఇంత పట్టింపుగా రాయడానికి కారణం ముందు ముందు తెలుస్తుంది.

నాతో వచ్చిన మా చెల్లెలు వెంటనే 112కు ఫోన్ చేసింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలోనూ పనిచేసే అత్యవసర నంబరు అది. ఏ ఫోన్ నుంచి చేసినా డబ్బు పడదు. అంబులెన్సు వచ్చేలోగా ఆమె తన స్వెట్టరు మడిచి నా పిక్క కింద పెట్టి, "అక్కా, కాలు కదపకు. పాలసీ కాగితం ఎక్కడ పెట్టావు?" అని అడిగింది. పాస్‌పోర్టు కవరులోనే ఉందని చెప్పగలిగాను. ఆ నిమిషంలో ఆ ప్రశ్న నాకు కఠినంగా తోచింది. ఆమె అడిగింది ఎంత అవసరమైనదో మూడు రోజుల తర్వాత అర్థమైంది.

ఆ ప్రయాణ బీమా పాలసీని నేను ముందుచూపుతో కొన్నానని చెప్పుకోలేను. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి చెల్లే షెంగెన్ వీసా కావాలంటే, అత్యవసర వైద్యానికీ, ఆసుపత్రిలో చేరవలసి వస్తే దానికీ, అనారోగ్యం వల్లనో మరణం వల్లనో స్వదేశానికి చేర్చవలసి వస్తే ఆ ఖర్చుకూ కలిపి కనీసం 30,000 యూరోల బీమా, బస చేసే రోజులన్నిటికీ చెల్లేది, చూపించాలన్నది నిబంధన. ఎముకల ఆపరేషనూ, పడుకోబెట్టి తీసుకువెళ్లే విమాన ప్రయాణమూ రెండూ తోడైతే ఆ కనీస మొత్తం చాలకపోవచ్చునని ఎవరో చెప్పగా విని, దానికన్నా పెద్ద మొత్తానికి తీసుకున్నాను. దరఖాస్తులో, ఇప్పటికే ఉన్న జబ్బులు రాయవలసిన చోట, నేను కొన్నేళ్లుగా రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్న సంగతి రాశాను. "అదుపులోనే ఉంది కదా, రాస్తే ప్రీమియం పెరుగుతుంది" అని పాలసీ అమ్మినాయన అన్నాడు. పెరిగింది కూడా. అయినా రాశాను.

ఆసుపత్రిలో ముందు మత్తు ఇచ్చి, పాదాన్ని లాగి కీలును దాని చోట కూర్చోబెట్టి, మోకాలి దాకా కట్టు కట్టారు. చీలమండకు లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి మనకు తగిలే గుబ్బలు నిజానికి రెండు వేర్వేరు ఎముకల కొసలు. లోపలిది కాలి పెద్ద ఎముకది, బయటిది దాని పక్కనుండే సన్నటి ఎముకది. నాకు రెండూ విరిగాయి. స్కానింగ్ చూసిన సర్జన్, ప్లేటు వేసి బిగించవలసిందేననీ, అయితే వాపు తగ్గకుండా కోత పెడితే చర్మం అతుక్కోక పుండుపడే ప్రమాదం ఉందనీ, అందాకా కాలు ఎత్తున పెట్టుకుని పడుకోవలసిందేననీ చెప్పారు. ఆయన ప్రతి ఉదయమూ వచ్చి కట్టు పక్కకు తప్పించి, చీలమండ పక్కన చర్మాన్ని వంగి చూసేవారు. వాచిన చర్మం నున్నగా, బిగువుగా, మెరుస్తూ ఉంటుంది. దాని మీద మళ్లీ సన్నటి ముడతలు కనిపించిన రోజున కోత పెట్టవచ్చునట. నా ఒంటి మీద ముడత కోసం అంత ఆశగా ఎదురుచూసిన రోజులు మరెప్పుడూ లేవు.

నేను స్పృహలో ఉన్నానో లేనో తెలియని ఆ మొదటి రెండు గంటల్లోనే మా చెల్లెలు పాలసీ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. అక్కడ పలికేది సాధారణంగా పాలసీ అమ్మిన కంపెనీ కాదు. ఆ కంపెనీ తరఫున ఇరవైనాలుగు గంటలూ ఫోన్లు తీసుకుని ఆసుపత్రులతో మాట్లాడే సహాయక సంస్థ. వాళ్లు పాలసీ నంబరు, ఆసుపత్రి పేరు, వార్డు, డాక్టరు పేరు అడిగారు. నా వైద్య వివరాలు తమకు ఇవ్వడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం చేసిన కాగితం పంపమన్నారు. కేసు నంబరు ఒకటి ఇచ్చారు. అన్నీ సరిపోతే ఆసుపత్రికి వాళ్లొక హామీ పత్రం పంపుతారు. బిల్లు మేము కడతామని రాసి ఇచ్చే ఆ పత్రం అందితే ఆసుపత్రి మనల్ని డబ్బు అడగదు; అందకపోతే మనమే కట్టి, తర్వాత తిరిగి రాబట్టుకోవాలి.

మూడో రోజుకు కూడా ఆ పత్రం రాలేదు. దానికి బదులు ఒక ప్రశ్న వచ్చింది. ఆసుపత్రి పంపిన తొలి నివేదికలో నేను తల తిరిగి మెట్ల మీద పడిపోయినట్టు రాసి ఉందనీ, నాకు రక్తపోటు ఉన్నట్టు దరఖాస్తులో ఉందనీ, కాబట్టి ఇది ప్రమాదమా లేక పాత జబ్బు వల్ల జరిగినదా అన్నది తేలాలనీ ఆ ప్రశ్న సారాంశం. నా పాలసీలో, ముందునుంచీ ఉన్న జబ్బు వల్ల తలెత్తిన వైద్యానికి, ప్రాణాపాయ స్థితిలో తప్ప, డబ్బు రాదు. విరిగిన ఎముక అదే, ఆపరేషను అదే. పడడానికి కారణం జారడమైతే ఒక లెక్క, తల తిరగడమైతే మరో లెక్క.

ఆ మాట నివేదికలోకి ఎలా వచ్చిందో నాకు తెలుసు. అత్యవసర విభాగంలో ఒక నర్సు ఫోన్‌లోని అనువాద యంత్రం పెట్టి ఏం జరిగిందని అడిగింది. నొప్పికి పళ్లు బిగించి, జారాను, తల తిరిగింది అని రెండు ముక్కలు చెప్పాను. ఏది ముందో ఏది వెనకో నేను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆమెను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అబద్ధం ఎవరూ ఆడలేదు. అయినా ఆ రెండు ముక్కల వరుస మారినందుకు, ఆసుపత్రి లెక్కల విభాగం నుంచి ఒకావిడ వచ్చి అడ్వాన్సు కట్టగలరా అని మర్యాదగానే అడిగి వెళ్లింది, మా చెల్లెలు వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేసి ఎవరి దగ్గర ఎంత సర్దుబాటవుతుందో మెల్లగా అడుగుతూంటే నాకు తలుపు సందులోంచి వినిపించింది. ఆ రాత్రి కాలి నొప్పి కన్నా ఆ గొంతే నన్ను నిద్రపోనివ్వలేదు. వయసులో నాకన్నా చిన్నది, నా కోసం ఒకరి ముందు చేయి చాచవలసి వస్తున్నదని కుమిలిపోయాను.

మర్నాడు సర్జన్‌కు అంతా వివరించాం. ఆయన ఓపికగా విన్నారు. నేను చేరిన రోజు తీసిన ఈసీజీ మామూలుగా ఉందనీ, రక్తపోటు నొప్పి వల్ల కొంచెం ఎక్కువే తప్ప పడిపోయి లేదనీ, మెలితిరిగి విరిగిన తీరు కాలు జారినప్పుడు తరచుగా కనిపించేదేననీ ఒక పుట రాసి సంతకం చేశారు. వాటన్నిటికన్నా ఎక్కువగా నన్ను ఆదుకున్నది అంబులెన్సు వాళ్ల కాగితం. వాళ్లు కోట దగ్గర నన్ను ఎత్తుకునే ముందు, మా చెల్లెల్ని అడిగి, తడిసిన మెట్టు మీద జారిపడిందనీ, స్పృహలో ఉందనీ, పడిన తర్వాత కళ్లు తిరిగాయనీ టైముతో సహా రాసుకున్నారు. ఆ కాగితం ఆసుపత్రి ఫైలులోనే వెనక ఎక్కడో ఉంది. అడిగేదాకా ఎవరూ బయటికి తియ్యలేదు. ఈ రెండూ పంపిన రోజు సాయంత్రమే హామీ పత్రం వచ్చింది.

రక్తపోటు సంగతి దరఖాస్తులో దాచి ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. ఆసుపత్రిలో చేరగానే ఏ మందులు వాడుతున్నారని అడుగుతారు, చెప్పక తప్పదు. మత్తు ఇచ్చే డాక్టరుకు దాచడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. ఆ మందు పేరు నివేదికలో ఉండి దరఖాస్తులో లేకపోయి ఉంటే, జారానా తల తిరిగిందా అన్న చర్చ దాకా కూడా పోకుండా, నిజం దాచారన్న ఒక్క కారణం మీదే మొత్తం తిరస్కరించే వీలు వాళ్లకు ఉండేది.

ఏడో రోజు ఉదయం సర్జన్ నా చర్మం చూసి నవ్వారు. ముడతలు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే ఆపరేషను జరిగింది: బయటి ఎముకకు ఒక ప్లేటు, రెండు వైపులా కలిపి ఏడు స్క్రూలు. మూడు రోజుల తర్వాత ఇంటికి పంపారు గానీ ఇల్లు అక్కడ లేదు, అద్దె గది ఉంది. కదలకుండా ఉన్న కాలిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం కాబట్టి, రోజూ పొట్ట మీద చర్మం కింద నాకు నేనే ఒక ఇంజెక్షన్ చేసుకోవాలి. మొదటిరోజు సూది పట్టుకుని పావుగంట కూర్చున్నాను. నాలుగో రోజుకు చేయి వణకడం ఆగింది.

తిరుగు ప్రయాణం తేదీ ఎప్పుడో దాటిపోయింది. పాలసీ గడువూ దగ్గరపడుతూంటే, ప్రయాణానికి పనికిరానని డాక్టరు ఇచ్చిన లేఖ మీద దాన్ని పొడిగించారు. విమానం ఎక్కడం కూడా నా ఇష్టంతో అయ్యే పని కాదని అప్పుడే తెలిసింది. విమాన సంస్థ ఒక వైద్య పత్రం ఇస్తుంది, దాన్ని చికిత్స చేసిన డాక్టరు నింపాలి. ఎగిరే విమానం లోపల గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. కొత్తగా వేసిన పిండికట్టులో చిక్కుకున్న గాలి అక్కడ వ్యాకోచిస్తుంది, కాలూ వాస్తుంది, కట్టు బిగుసుకుని రక్తప్రసారం ఆగే ప్రమాదం ఉంటుంది. అందుకే కట్టు వేసి రెండు రోజులు కాకుండా ఎక్కవలసివస్తే దాన్ని నిలువునా చీల్చి పంపుతారు. నా విషయంలో కాలు చాపి ఎత్తున పెట్టుకోవాలని సర్జన్ రాశారు. మామూలు సీటులో అది కుదరదని సహాయక సంస్థ డాక్టరు ఒప్పుకుని, కాలు చాపుకునే సీటూ, రెండు విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ ఏర్పాటు చేశారు. వాళ్ల మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది.

ఇంటి గుమ్మం దాటగానే ఆ పాలసీ పని దాదాపు అయిపోయింది. నాకు మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. ఆపరేషను నాటి నుంచి ఆరు వారాలు కాలు నేల మీద మోపలేదు. చంకకర్రల రాపిడికి అరచేతులు కాయలు కాచాయి. కట్టు విప్పిన రోజు పిక్క సగానికి తగ్గి, ఎవరిదో కాలు నా మోకాలికి తగిలించినట్టు కనిపించింది. పాదాన్ని పైకి వంచమంటే వేళ్లు కదిలాయి గానీ చీలమండ కదలలేదు. తువ్వాలు పాదానికి తగిలించి రెండు కొసలూ నా వైపుకు లాగుకోవడం, గోడకు చేతులు ఆనించి మడమ నేలకు తాకించడం, వేళ్ల మీద లేచి మెల్లగా దిగడం, ఇలా నాలుగు నెలలు. ఈ ఫిజియోథెరపీ ఖర్చు నా ప్రయాణ బీమాలోకి రాలేదు, నా చేతి డబ్బే. ప్రమాద పరిహారం అని పాలసీలో విడిగా ఇంకొక మొత్తం ఉంది కదా, అది వస్తుందేమోనని ఆశపడ్డాను. అది మరణానికీ, కాలో చేయో కన్నో పోయినప్పుడూ, శాశ్వతంగా పనికి దూరమైనప్పుడూ ఇచ్చేది. విరిగి అతుక్కునే ఎముకకు అందులో చోటు లేదు.

క్లెయిమ్ కాగితాలన్నీ మా చెల్లెలే ఒక ఫైలులో వరుసగా పేర్చింది: డిశ్చార్జి నివేదిక, దాని అనువాదం, ఎక్స్‌రేలు, మందుల రసీదులు, బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలు, అన్నిటికన్నా పైన అంబులెన్సు కాగితం నకలు. డిడక్టిబుల్ కింద మేము భరించవలసిన మొత్తం పట్టుకుని మిగిలినది ఇచ్చారు. ఆమె అదనంగా ఉన్న రోజుల గది అద్దె మాత్రం ఇవ్వలేదు. తోడు కోసం ఇంటి నుంచి ఒకరు కొత్తగా వస్తే ఆ ఖర్చు ఇస్తారట, ముందునుంచీ తోడున్నవారికి ఇవ్వరట. ఇది న్యాయం కాదని రెండుసార్లు రాశాను. జవాబు మారలేదు.

మెట్లు ఎక్కడం ఆరో నెలకు వచ్చింది. దిగడం ఇప్పటికీ కుడిచేత్తో కమ్మీ పట్టుకునే. మొన్న మా చెల్లెలు మరో ప్రయాణం మాట ఎత్తి, బీమా దరఖాస్తు నా ముందు పెట్టింది. జబ్బుల గడిలో రక్తపోటు రాసి, దాని కింద ఇంకొక గీతలో, కుడి చీలమండలో ప్లేటు, ఏడు స్క్రూలు, అని రాసి సంతకం చేశాను.