అమ్మ షుగరూ, మా ఇంటి డాక్టర్లూ

అమ్మకి షుగర్ అని తెలిసినప్పటి నుంచి మా చుట్టాలందరూ డాక్టర్లే. పిన్ని ఫోన్ చేసి మెంతులు నానబెట్టమంటుంది, పక్కింటి ఆంటీ కాకరకాయ రసం తాగమంటుంది. అమ్మ అందరికీ "సరే" అని, తన అన్నం తను తింటుంది.

గ్లూకోమీటర్‌కి మాత్రం మొహమాటాల్లేవు. రాగిజావ మంచిదని పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగేది. రెండు గంటలయ్యాక చూస్తే 210! రాగులు మంచివే, కానీ మెత్తటి పిండిని జావ కాస్తే తొందరగా అరిగిపోయి షుగర్ ఒక్కసారిగా పెరుగుతుందట. అదే పెసరట్టు, అల్లం పచ్చడి తిన్న రోజు 160 దాటలేదు. పొట్టుతో రుబ్బిన పెసల్లో ప్రొటీనూ పీచూ రెండూ ఉంటాయి కదా.

అన్నం మానేయమని డైటీషియన్ కూడా అనలేదు. ముందు కూర, పప్పు తిని, అన్నం చివర్లో కొంచెం తినమంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పళ్ళెం బొమ్మలో సగం కూరగాయలు, పండ్లే. మన పళ్ళెంలో సగం ఏముంటుందో చెప్పక్కర్లేదు.

రాత్రికి వీధి చివర బండి దగ్గర జొన్నరొట్టె. బండి నడిపే ఆమె చేత్తోనే తట్టి పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన అద్దుతుంది. వేడివేడిగా గోంగూర పప్పుతో ఒకటి చాలు. అమ్మ రెండోది అడిగితే నాకు వినపడదు.

మాత్రలు మాత్రం ఆపలేదు. "మెంతులు తింటున్నావుగా, ఇంకా మందులెందుకు" అన్న మావయ్యతో అమ్మే పోట్లాడింది.