దక్షిణ సూడాన్ మైత్రీ సంఘం: రిజిస్ట్రేషన్ నుంచి జెండా దాకా మా అనుభవం

2011 జనవరి రెఫరెండంలో నూటికి 98 మందికి పైగా స్వాతంత్ర్యం కోరి, అదే ఏడు జూలై 9న దేశం తెచ్చుకున్నారు దక్షిణ సూడాన్ ప్రజలు. వాళ్ల కోసం విజయవాడలో సంఘం పెట్టాలనుకుంటే మాకు రిజిస్ట్రేషనే తేలిగ్గా అయిపోయింది. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు చాలు. మెమొరాండం (సంఘం ఆశయాల పత్రం), బైలాలు (నియమావళి), సంతకాలు, ఆధార్ నకళ్లు, ఆఫీసుగా చూపే ఇంటికి ఓనరు ఒప్పుకోలు పత్రం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చాం. పేరులో ప్రభుత్వ అండ ఉందనిపించే మాటలు 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టానికి తగులుతాయి. అందుకే ఊరి పేరుతో మొదలుపెట్టాం.

చిక్కంతా డబ్బుతోనే. ఆశయాల్లో మొదట "అక్కడ బడులు కట్టించడం" అని రాసుకున్నాం. ఆడిటర్ గారు ఆ వాక్యం కొట్టేశారు. మన దేశం బయట పెట్టిన ఖర్చుకు పన్ను మినహాయింపు కావాలంటే కేంద్ర పన్నుల బోర్డు ప్రత్యేక ఉత్తర్వు ఉండాలట. "ఇక్కడ చదివే ఆ దేశపు విద్యార్థులకు పుస్తకాలు, తెలుగు పాఠాలు, బస సాయం" అని మార్చాం. మనసు అక్కడి బడులమీదే ఉన్నా, ఇది చేయగలిగిన పని.

విరాళాల దగ్గర ఇంకా మెలకువ కావాలి. విదేశీ పౌరుడు ఇక్కడే ఉంటూ, మన రూపాయల్లో ఇచ్చినా అది ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద విదేశీ విరాళమే. ఆ రిజిస్ట్రేషన్‌కు సాధారణంగా మూడేళ్ల పని చూపాలి. ఒక కుర్రాడు ప్రేమగా ఇచ్చిన 500 నోటు అందుకే తీసుకోలేదు. రసీదు రాశాక వెనక్కి ఇస్తే అదో తలనొప్పి. ఏటా సర్వసభ్య సమావేశమైన 15 రోజుల్లో కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయడం మరవొద్దు.

గది దొరక్కపోవడం ఈ పిల్లల అసలు బాధ. విదేశీయులకు బస ఇస్తే 24 గంటల్లో ఆన్‌లైన్‌లో తెలపాలని ఓనర్లు భయపడతారు. మా సభ్యులే పక్కన కూర్చుని పాస్‌పోర్టు, వీసా వివరాలు నింపిస్తే చాలామంది ఒప్పుకుంటున్నారు. పోలీసులొస్తారేమోనన్న బెరుకు తప్ప వాళ్లకు ద్వేషమేమీ లేదు.

జూలై 9 సభకు జెండా వన్‌టౌన్‌లో కుట్టించాం. మొదటిది కెన్యా జెండాలా వచ్చింది: నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, మధ్యలో సన్నటి తెల్ల గీతలు రెండింటికీ ఒకటే. కర్ర వైపు నీలి త్రికోణం, దానిలో పసిడి నక్షత్రం ఉంటేనే దక్షిణ సూడాన్‌ది. సభలో మన జాతీయ జెండా, వాళ్ల జెండా రెండూ ఒకే సైజు, ఒకే ఎత్తు, వేరు వేరు కర్రలకు. మనది సభికులకు ఎడమవైపు.