మేడ మీద నిల్వలు: సింగ్‌నగర్ ఇంట్లో ఆపత్కాల సన్నాహాల పద్దు

సమాజం కుప్పకూలితే సామాన్య కుటుంబం ఎలా నెట్టుకురావాలనే విషయం మీద నాకున్న ఆసక్తిని మా ఇంట్లో ఒకప్పుడు పనిలేని వ్యవహారం కింద జమకట్టేవారు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తిన తరువాత ఆ మాట అనడం మానేశారు. కుళాయి నీళ్లు, కరెంటు, గ్యాసు, కిరాణా కొట్టు, ఈ నాలుగూ ఒకేసారి మాకు అందకుండా పోయాయి. ఫ్లైఓవర్ దాటి అవతలికి వెళ్లగలిగినవారికి మాత్రం నగరం ఇంచుమించు మామూలుగానే ఉంది. సమాజం కూలడం గురించి మాట్లాడేవారు ప్రభుత్వాలు పడిపోవడం, నోట్లు చెల్లకపోవడం వంటి వాటితో మొదలుపెడతారు కాని, కారణం ఏదైనా అది గడప దాకా వచ్చేసరికి ఈ నాలుగింటి రూపంలోనే వస్తుంది. అందుచేత వీటిలో ఒక్కొక్కటి లేకుండా మా నలుగురం ఎన్నాళ్లు గడపగలమన్న లెక్క పెట్టుకొని 2025 జనవరి నుంచి పని సాగిస్తున్నాను. ఒక షరతు కూడా పెట్టుకున్నాను: ఆపద కోసమే కొని మూలన పడేసే వస్తువు ఇంట్లోకి రాకూడదు, నిల్వ చేసిన ప్రతిదీ రోజువారీ వాడకంలో తిరుగుతూ ఉండాలి.

పాశ్చాత్య దేశాలలో ఈ వ్యాపకం ఉన్నవారిలో కొందరు భూమి లోపల గదులు కట్టుకుంటారు. బుడమేరుకీ కృష్ణకీ నడుమ ఉన్న ఊళ్లో అటువంటి గది కట్టడమంటే డబ్బు పోసి బావి తవ్వుకోవడమే. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వెళ్లింది. 1957లో బ్యారేజీ పూర్తయినప్పటి నుంచి అంత వరద ఎన్నడూ రాలేదు. కృష్ణ అలా నిండి ఉన్నప్పుడు బుడమేరు నీరు డైవర్షన్ కాలువ ద్వారా నదిలో కలవడం కష్టమవుతుంది. పైగా ఆ కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడ్డాయి. అందువల్ల ఇన్వర్టరు, బ్యాటరీ, బియ్యం డబ్బాలు, కాగితాల పెట్టె అన్నిటినీ మొదటి అంతస్తుకు చేర్చడమే మా మొదటి పని అయింది. కింది వాటాలో చీపురు, చెప్పులు, పాత కుర్చీలు తప్ప మరేమీ ఉంచడం లేదు.

జనవరి, ఫిబ్రవరి: నీరు

వరదలో మనిషిని ముందుగా ఏడిపించేది తాగునీరు. చుట్టూ నీళ్లే ఉంటాయి, గుక్కెడు తాగడానికి పనికిరావు. ఇంటి ముందున్న సంపులోకి మురుగు చేరిందంటే అది ఇక నీటి వనరు కాదు, కాబట్టి లెక్కలో సంపును పూర్తిగా తీసివేశాను. తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకి 5 లీటర్ల చొప్పున నలుగురికి 20 లీటర్లు, అంటే ఒక టిన్ను. రెండు వారాలకి 14 టిన్నులు. వాటిని మెట్ల గదిలో ఎండ తగలకుండా వరుసగా పేర్చి, ప్రతి టిన్ను మెడకు నింపిన తేదీ రాసిన చీటీ కట్టాను. పాతది వాడడం, ఖాళీ అయినది నింపి వరుస చివర పెట్టడం ఇంట్లో అలవాటైపోయింది. మేడ మీద 1000 లీటర్ల ట్యాంకు స్నానాలకీ గిన్నెలకీ సరిపోతుంది కాని, దాని నుంచి కిందికి వచ్చే పైపుకి ప్రత్యేకంగా ఒక వాల్వు బిగించాను. వాన హెచ్చరిక వచ్చిన రోజు ట్యాంకు నింపి ఆ వాల్వు కట్టేస్తే, కింది వాటాలో ఎవరో కుళాయి వదిలేసినా నీరు వృథా పోదు.

నిల్వ అయిపోయిన తరువాత సంగతి కూడా చూడాలి. బురద నీటికి ముందు పటిక గాని చిల్లగింజ గాని వాడి తేర్చుకోవాలి. చిల్లగింజను సానరాయి మీద కాస్త నీటితో అరగదీసి, ఆ గంధాన్ని బిందెలో కలిపి కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది. అయితే దీనితో నీరు తేటపడుతుందే గాని క్రిములు చావవు; తేటగా కనిపించిందని తాగేయడం ప్రమాదం. ఆ పైన మరిగించాలి, లేదా బ్లీచింగ్ పౌడరు వాడాలి. మంచి పౌడరైతే 1000 లీటర్లకి 2.5 గ్రాములు చాలుతుంది. టిన్నుకు అంత తక్కువ పొడిని తూచడం ఇంట్లో అయ్యే పని కాదు కనుక, 2.5 గ్రాములను లీటరు నీటిలో కలిపి తేరుకోనిచ్చి, పై తేటను లీటరుకి 1 మిల్లీలీటరు చొప్పున, అంటే టిన్నుకు 20 మిల్లీలీటర్లు, సూది లేని సిరంజితో కొలిచి పోస్తున్నాను. గంట ఆగిన తరువాతే తాగాలి. విప్పిన పొట్లం గాలి తగిలి సత్తువ కోల్పోతుంది, కాబట్టి చిన్న పొట్లాలే కొని, మిగిలినది కాలువ కడగడానికి వాడేస్తున్నాను.

ఎండ బాగా ఉన్న రోజుల్లో ఇంకొక తేలిక మార్గం ఉంది. తేటగా ఉన్న నీటిని రంగులేని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి డాబా మీద రేకు పైన 6 గంటలు పడుకోబెడితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలూ వేడీ కలిసి క్రిములను చంపుతాయి. మబ్బు పట్టితే రెండు రోజులు ఉంచాలి. మనకు వరద వచ్చేది శ్రావణ భాద్రపదాల్లో కనుక ఈ పద్ధతి మీద నాకు పెద్ద భరోసా లేదు.

మార్చి: గింజలు

ఈ ప్రాంతం సమాజం కూలడాన్ని ఊహించుకోనవసరం లేదు, ఒకసారి కళ్లారా చూసింది. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమలో వచ్చిన కరువును డొక్కల కరువు అన్నారు. జిల్లా జనాభాలో సుమారు మూడోవంతు పోయిందని అంచనాలున్నాయి. కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడడానికి ఆ కరువు ఒక కారణం. అది 1855 నాటికి పూర్తయింది. ఆనకట్ట వచ్చాక కూడా పల్నాటి మెట్ట గ్రామాలలో జొన్నలను పాతరల్లో, అంటే నేలలో తవ్విన గోతుల్లో, దాచుకొనే ఆచారం చాలాకాలం నిలిచింది.

మా అమ్మది సత్తెనపల్లి వైపు పల్లెటూరు. పాతరల గురించి అడిగితే ఆమె మొదట చెప్పినది ధాన్యం సంగతి కాదు. "పాతర మూత తీశాక ముందు దీపం దింపేవాళ్లురా నాన్నా, దీపం ఆరిపోతే ఆ పూట మనిషిని దింపేవాళ్లు కాదు" అంది. మూసి ఉన్న గోతిలో గింజలూ పురుగులూ ప్రాణవాయువును వాడేసుకొని బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. ముందు చూసుకోకుండా దిగిన మనిషికి ఊపిరాడక ప్రాణం పోయేది. పురుగులు చావడానికీ అదే కారణం. ఇప్పుడు దొరుకుతున్న గాలి చొరని ధాన్యపు సంచులు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, బయట నేత సంచి. ప్రతి పొరనూ విడివిడిగా మెలితిప్పి, మడిచి, తాడుతో బిగించాలి. గాలి ఎంత తక్కువ మిగిలితే పురుగు అంత త్వరగా చస్తుంది కనుక మూతి కట్టేముందు సంచిని గట్టిగా అదమాలి.

సంచిలో పోసే గింజ ఎండి ఉండడం ముఖ్యం. తడి ఉంటే మూసిన సంచిలో బూజు పడుతుంది. ధాన్యంలో తేమ 14 శాతానికి మించకూడదు. రైతులు చేసే పరీక్షనే నేనూ చేస్తున్నాను: గింజను పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి, నలిగిందంటే ఇంకా ఎండబెట్టాలి. ప్రస్తుతం బియ్యం 100 కిలోలు ఉన్నాయి; రోజుకి కిలోన్నర చొప్పున రెండు నెలలు దాటుతాయి. వీటితో పాటు ఒక బస్తా, అంటే 75 కిలోల వడ్లు. ముడి బియ్యంకన్నా వడ్లే ఎక్కువ కాలం నిలుస్తాయి, పొట్టే వాటికి కవచం. అయితే మిల్లు ఆగిపోతే వాటిని దంచుకోవాలి. రోలూ రోకలీ తెప్పించి మా ఆవిడా నేనూ వంతులవారీగా దంచి చూశాం. ఒక పూట అన్నానికి సరిపడా బియ్యం తీసేసరికి ఆ అన్నమంతా తినేయగలిగినంత ఆకలి వేసింది. వడ్లను చివరి ఆసరాగానే లెక్కించాలని నిర్ణయించుకున్నాను.

కందిపప్పు 15 కిలోలు, ఉప్పు, చింతపండు, బెల్లం, నూనె వాడుకకు మూడింతలు ఉన్నాయి. పొయ్యి వెలిగించనవసరం లేనివి కొన్ని తప్పనిసరి: అటుకులు, మరమరాలు, పుట్నాలు, వేరుశనగలు. నీట మునిగిన మొదటి రెండు రోజులు వండుకొనే ఓపిక ఎవరికీ ఉండదు.

మే: ఎండ

మే నెలలో రెండు పనులు జరిగాయి. ఒరుగులూ వడియాలూ ఆవకాయా మా ఆవిడ అజమాయిషీలో సాగిపోయాయి, వాటి గురించి నేను చెప్పవలసినది లేదు. రెండోది కరెంటు లెక్క. రోహిణీ కార్తెలో బెజవాడలో ఫ్యాను లేకుండా పెద్దవాళ్లు పడుకోలేరు కనుక దీన్ని విలాసం కింద కొట్టివేయడం కుదరదు. మా బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు. గుణిస్తే 1800 వాట్ అవర్లు. బ్యాటరీ మన్నాలంటే సగానికి మించి పిండకూడదు కాబట్టి చేతికి వచ్చేవి 900. పాత ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 75 వాట్లు, 9 వాట్ల బల్బులు రెండు వేస్తే ఇన్వర్టరు నష్టంతో కలిపి నాలుగు గంటలు దాటడం కష్టం. ఫ్యాన్లు మార్చి 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారు) రకం పెట్టాక అదే బ్యాటరీ రాత్రంతా, సుమారు తొమ్మిది గంటలు వస్తోంది. ఇంకొక బ్యాటరీ కొనడానికి బదులు వాడకం తగ్గించడం చవక.

జూన్: బొంతలో అన్నం

నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన ప్రయోగం ఇది. 14.2 కిలోల సిలిండరు ఎన్నాళ్లు వస్తుందన్నది మనం మంట ఎంతసేపు ఉంచుతామన్నదాని మీద ఉంటుంది. నీరు మరగడానికి మంట కావాలి కాని, మరిగిన తరువాత గింజ ఉడకడానికి కావలసినది వేడి నిలవడమే. కడిగి అరగంట నానబెట్టిన బియ్యాన్ని రెండింతల నీటితో దళసరి గిన్నెలో ఎక్కించి, తెర్లు వచ్చాక మూత పెట్టి ఐదు నిమిషాలు ఉంచి దింపేస్తాను. ముందే ఒక వెదురు గంపలో పాత బొంత పరిచి ఉంచుతాను. గిన్నెను తువాలుతో చుట్టి అందులో దించి, పైన ఇంకొక బొంత కప్పి గాలి సందు లేకుండా కూరుతాను. గంట తరువాత తీస్తే మెతుకు మెతుకూ విడివిడిగా, చేయి కాలేంత వేడిగా ఉంటుంది. గిన్నె ముప్పాతిక వంతైనా నిండి ఉండాలి, కొంచెం అన్నం వండితే వేడి నిలవదు. కందిపప్పుకైతే కుక్కరులో రెండు కూతలు వచ్చాక అలాగే దించాలి. వండినదాన్ని రాత్రంతా గంపలో వదిలేస్తే మాత్రం పాడవుతుంది.

సిలిండరు కూడా లేని రోజుకి బొగ్గుల కుంపటి ఉంది. దాన్ని డాబా మీదే వెలిగించాలని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. తలుపులు మూసిన గదిలో బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండా ప్రాణం తీస్తుంది.

జులై: మరుగుదొడ్డి, మందులు, వీధి

ఈ వ్యాపకంలో ఎవరూ మాట్లాడనిది మరుగుదొడ్డి సంగతి. వరదలో భూగర్భ డ్రైనేజీ వెనక్కి తన్నుతుంది. కింది వాటా కమోడులో పెట్టడానికి, గోనెలో చుట్టిన ఇసుక మూట సిద్ధం చేశాను. పైన వాడుకోవడానికి మూత ఉన్న రెండు బకెట్లు, ఒక సంచి ఊక బూడిద. వాడిన ప్రతిసారీ బూడిద చల్లి మూత పెడితే దుర్వాసనా ఈగలూ అదుపులో ఉంటాయి. విరేచనాలు పట్టుకుంటే వాడుకోవడానికి ఓఆర్‌ఎస్ పొట్లాలు ఉన్నాయి. అవి లేకపోయినా లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలకట్టుగా కాకుండా సమంగా కొలిచి, కలిపితే సరిపోతుంది. బీపీ, షుగరు మాత్రలు ఎప్పుడూ ఒక నెలకు ముందుగానే కొంటున్నాం.

ఎదురింటాయన ఒకరోజు మా మెట్ల గదిలో టిన్నుల వరుస చూసి, "మాష్టారూ, మళ్లీ నీళ్లొస్తే మేమందరం మీ ఇంటికే వస్తామండీ" అని నవ్వారు. ఆయన సరదాగానే అన్నా నేను దాన్ని లెక్కలోకి తీసుకున్నాను. ఆకలితో ఉన్న వీధిలో నిండిన గాదె ఉన్న ఇల్లు ఒక్కటే ఉంటే ఆ ఇంటికి రక్షణ ఉండదు. అందుకని ఆ ఆదివారం ఇళ్లన్నీ తిరిగి, ఎవరింట్లో మేడ ఉంది, ఎవరికి ఈత వచ్చు, ఎవరు నర్సు, ఎవరి దగ్గర మోకులూ లారీ ట్యూబులూ ఉన్నాయి, మంచం దిగలేని వృద్ధులు ఎక్కడ ఉన్నారు అన్నది ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. కొందరు ఇన్సూరెన్సు అమ్మడానికి వచ్చాననుకొన్నారు. చివరికి ఆరు ఇళ్లవారు తలా ఐదు టిన్నుల నీరు నిల్వ ఉంచడానికి ఒప్పుకున్నారు.

ఆగస్టు: మిగిలిన పని

బ్యాటరీతో నడిచే రేడియో కొన్నాను. సెల్ టవర్ల బ్యాటరీలు కొన్ని గంటలకే నిండుకుంటాయి కాని, ఆకాశవాణి వినడానికి టవరు అక్కర్లేదు. మిద్దె తోటలో బచ్చలి, తోటకూర, గోంగూర బాగానే వస్తున్నాయి. అవి రుచికీ విటమిన్లకీ పనికొస్తాయి, కడుపు నింపవు, కాబట్టి వాటికి పద్దులో చోటు ఇవ్వలేదు. ఇక మిగిలినది చేతిపంపు. మా బోరు కేసింగులో మోటారు పైపు పక్కన మరో పైపు పట్టదని మెకానిక్ తేల్చాడు. వీధి చివర ఖాళీ స్థలంలో మోటారు తీసేసిన పాత బోరు ఒకటి ఉంది. దాని మూతి మామూలు నేలకన్నా నాలుగడుగులు పైకి లేపి, చుట్టూ సిమెంటు దిమ్మె కట్టి పంపు బిగిస్తే వరద తీసిన వెంటనే వీధి మొత్తానికి పనికొస్తుంది. స్థలం యజమాని హైదరాబాదులో ఉంటున్నారు. వినాయక చవితికి వస్తారట, అప్పుడు అడగాలి.