తెలిసిన సంగతినే అడిగి పిల్లలతో అబద్ధమాడించకండి

మార్కులు పెట్టే స్కూలు వెబ్‌సైట్ (పోర్టల్)లో మ్యాథ్స్‌కి డి గ్రేడ్, అంటే బాగా తక్కువ మార్కులు, చూసేసి, రాత్రి భోజనాల దగ్గర ఏమీ ఎరగనట్టు "టెస్టు ఎలా రాశావురా?" అని అడగడం అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళల్లో మామూలే. వాడు "బాగానే" అంటాడు. అప్పుడు ఫోన్ తీసి చూపిస్తాం. ఆ అబద్ధంలో సగం వాటా అడిగినవాళ్ళదే. "పోర్టల్‌లో డి చూశాను, ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయావు?" అంటే దాచడానికి ఏమీ మిగలదు, మాట చదువు మీదికి పోతుంది.

చిన్నపిల్లల సంగతి వేరు. కెనడాలో కాంగ్ లీ, విక్టోరియా తల్వార్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చేసిన ప్రయోగం ఒకటుంది. పిల్లల వెనక బొమ్మ పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి బయటికి వెళ్తారు. చాలామంది చూసేస్తారు. రెండేళ్ళవాళ్ళు ఎక్కువగా ఒప్పుకుంటారు, నాలుగు దాటినవాళ్ళు ఎక్కువగా చూడలేదంటారు. "మరి అదేం బొమ్మ?" అంటే టక్కున పేరు చెప్పి దొరికిపోతారు కూడా. తనకు తెలిసింది ఎదుటివాళ్ళకు తెలియదని గ్రహించే బుద్ధి వస్తేనే అబద్ధం వస్తుంది. నాలుగేళ్ళ పిల్ల పాలు ఒలకబోసి "తమ్ముడే" అంటే గుడ్డ చేతికిచ్చి తుడవమనండి, చాలు.

2014లో వాళ్ళే కథలు చెప్పి చూశారు. 'నాన్నా పులి' కథ, ముక్కు పెరిగే పినోకియో కథ ఏమీ మార్చలేదు. చెట్టు నరికానని ఒప్పుకొని తండ్రి మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ కథ విన్నవాళ్ళు ఎక్కువగా నిజం చెప్పారు. మనకు ఆవు-పులి కథ ఉండనే ఉంది, మాట తప్పని ఆవును పులి వదిలేస్తుంది. పడుకోబెట్టేటప్పుడు అది చెప్పండి. హరిశ్చంద్రుడి కథ ఐదేళ్ళవాడికి, నిజం చెబితే కాటికాపరి అవుతామన్నట్టు వినిపించినా వినిపిస్తుంది!

దెబ్బల భయం అబద్ధాన్ని ఆపదు. పశ్చిమాఫ్రికాలో రెండు బళ్ళను పోల్చిన 2011 అధ్యయనంలో, కఠిన శిక్షలున్న బడి పిల్లలే ఎక్కువ అబద్ధమాడారు, ఆ తర్వాత అడిగిన ప్రశ్నలకూ తడబడకుండా నెట్టుకొచ్చారు.

పదమూడు దాటాక అసలు చిక్కు. బడి స్నేహితుల్లో స్లీపోవర్ (ఫ్రెండ్ ఇంట్లో రాత్రి పడుకోవడం), హోమ్‌కమింగ్ డ్యాన్స్ (బడిలో ఏటా జరిగే డ్యాన్స్ పార్టీ) మామూలు. ఇంట్లో ఆ మాటెత్తగానే "మనవాళ్ళు అలా చేయరు" అంటాం. రెండుసార్లు విన్న పిల్ల మూడోసారి అడగదు, "లైబ్రరీలో గ్రూప్ స్టడీ" అంటుంది. లొకేషన్ ఆన్ చేయిస్తే ఫోన్‌ను లైబ్రరీలో ఫ్రెండ్ చేతిలో పెట్టి పోతుంది. స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ అనే పరిశోధకులు 2000లో తేల్చిందేమిటంటే, పిల్లల గురించి తల్లిదండ్రులకు తెలిసేది ఎక్కువగా పిల్లలు తమంతట తాము చెప్పడం వల్లే, నిఘా వల్ల కాదు.

అందుకని 'వద్దు'లు మూడో నాలుగో ఉంచుకుని గట్టిగా నిలబడండి. తాగినవాళ్ళు నడిపే కారెక్కడం, పెద్దవాళ్ళు లేని ఇంట్లో రాత్రి ఉండటం అలాంటివి. మిగతావి బేరానికి వదలండి. స్లీపోవర్ వద్దనిపిస్తే రాత్రి పదకొండుదాకా ఉండనిచ్చి, మీరే వెళ్ళి తీసుకురండి. అర్ధరాత్రి "వచ్చి తీసుకెళ్ళు" అని ఫోన్ వస్తే కారులో ప్రశ్నలు వద్దు, మర్నాడు మాట్లాడుకోవచ్చు. తానే వచ్చి చెప్పినవాడికీ, దొరికిపోయినవాడికీ ఒకే శిక్ష వేస్తే మళ్ళీ ఎందుకు చెబుతాడు?

ఇక ఆదివారం వీడియో కాల్. "అమ్మమ్మ అడిగితే తెలుగు క్లాసుకు వెళ్తున్నానని చెప్పు" అని చెవిలో ఊదేది మనమే. పక్కగదిలో చాక్లెట్లున్నాయని ముందు తమతో అబద్ధమాడిన పెద్దవాళ్ళ దగ్గర ఐదు నుంచి ఏడేళ్ళవాళ్ళు ఎక్కువగా అబద్ధమాడారని 2014లో శాన్ డియేగో అధ్యయనం చూపింది. దాని బదులు "ఈ నెల మానేశాను అమ్మమ్మా, నువ్వు నేర్పుతావా?" అనిపించండి. ఆవిడ కాల్ కట్ చేసేలోపే గుణింతాలు మొదలెడుతుంది.